ఓరుగల్లు రాజధాని ముచ్చట్లు: పది బోర్డులకు ఏ ఘట్టాలు తీసుకోవాలె, ఎక్కడ నిలబడి చూపించాలె?

#1 ఏకశిల_బడి
అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లల కోసం పది బోర్డులు రాయిస్తున్నం. ఒక్కో బోర్డు మీద కాకతీయుల రాజధాని చరిత్రలో ఒక ఘట్టం ఉంటది. షరతు ఒక్కటే. బోర్డు చదివిన పిల్లగాడు ఆటో ఎక్కి పోయి ఆ రాయినో, ఆ మట్టినో కండ్లతో చూడగలగాలె.

ఇప్పటికి నా దగ్గర ఉన్న జాబితా: 1163 వేయిస్తంభాల గుడి, 1213 రామప్ప, 1244 మోటుపల్లి శాసనం, రుద్రమదేవి పట్టాభిషేకం, 1289 ఆమె మరణం, 1310 ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడి, 1323 పతనం, 1336 కాపయ నాయకుడు, 1504 షితాబ్ ఖాన్. ఒకటి తక్కువ పడ్డది.

అనుమానాలు: (అ) వేయిస్తంభాల గుడి కొన్ని పుస్తకాల్లో 1162 అని ఉంది, కొన్నిట్ల 1163. ఏది రాయాలె? (ఆ) కాఫుర్ పట్టుకున్నది ఏ గోడ? (ఇ) కోహినూర్‌కు బోర్డు పెట్టాలా?

#2 రాతిరాత
(అ)కు జవాబు 1163. తేడా ఎక్కడ వస్తదో పిల్లలకు కూడా చెప్పండి, లెక్క సులువే.

శాసనంలో ఉన్నది శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. శకానికి 78 కలిపితే 1162 వస్తది. చాలామంది అక్కడే ఆగిపోతరు. కానీ శక సంవత్సరం చైత్రంల మొదలైతది. మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు క్యాలెండర్‌ల జనవరి పడి సంవత్సరం మారిపోయి ఉంటది. అందుకని పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తేదీలకు 78 కాదు, 79 కలపాలె. అట్లయితే 1163 జనవరి 19.

సరిచూసుకునేందుకు రెండు తాళంచెవులు ఉన్నయి. ఒకటి, అరవై ఏండ్ల చక్రం. మొన్నటి చిత్రభాను 2002-03. దాంట్ల 840, అంటే పద్నాలుగు అరవైలు, తీసేస్తే 1162-63. సరిపోయింది. రెండోది వారం. వడ్డవారం అంటే శనివారం. 1163 జనవరి 19 పాత జూలియన్ లెక్కల శనివారమే. ఫోన్‌ల ఉన్న క్యాలెండర్ గ్రెగోరియన్ లెక్కను వెనక్కి సాగదీస్తది, అయినా ఆ కాలంల రెండు లెక్కలకు తేడా సరిగ్గ ఏడు రోజులు గనుక అండ్ల చూసినా శనివారమే వస్తది. పిల్లలు తప్పకుండా అట్లనే చూస్తరు, కాబట్టి ముందే చెప్పుండ్రి.

#3 మట్టికోట
రాతిరాత సార్ చెప్పిన లెక్కకు ఒక జోడింపు. రామప్ప శాసనం శక 1135, శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. ఇది చైత్రం గనుక 78 చాలు: 1213 మార్చి 31. రెండు శాసనాలు పక్కపక్కన పెడితే 78, 79 తేడా పిల్లలకు ఒక్కసారికే ఎక్కుతది.

కానీ రామప్ప రాజధాని ఘట్టమా? కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, పాలంపేటల. ఊరికి అరవై, డెబ్బై కిలోమీటర్ల అవతల. గొప్ప గుడి, 2021ల యునెస్కో జాబితాకెక్కింది, కాదనను. బోర్డు మాత్రం రాజధానికి కదా.

#4 పాఖాల్_గట్టు
అదే మాట మోటుపల్లికి కూడా వర్తిస్తది. 1244 అభయ శాసనం సముద్రం ఒడ్డున, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌ల ఉన్నది. ఆటో ఎక్కి పోయి చూసొచ్చే దూరం కాదు.

విషయం మటుకు పెద్దదే. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని గుంజుకునేటోళ్ళు. గణపతిదేవుడు సుంకం ఒక్కటే తీసుకొని సొమ్ము సొంతదారుకే వదిలేస్తమని రాయి మీద మాట ఇచ్చిండు. రాజధానిల ఖజానా ఎట్ల నిండిందో చెప్పాలంటే ఇదే ఆధారం. వేరే బోర్డు వద్దు. గణపతిదేవుని బోర్డు కింద రెండు వరుసలు రాయండి.

#5 ఏకశిల_బడి
ఒప్పుకుంటున్న. రామప్ప, మోటుపల్లి రెండూ తీసేస్తున్న. అంటే ఇప్పుడు మూడు తక్కువ పడ్డయి 🙂

రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు ఏ సంవత్సరం మారింది? ఒక్క తేదీ కావాలె.

#6 మట్టికోట
ఒక్క తేదీ వేయొద్దు. వేస్తే అబద్ధమైతది.

రాజధాని మారుడంటే ఇల్లు ఖాళీ చేసి లారీ ఎక్కించినట్టు కాదు. రుద్రదేవుడు (1158-1195) కొత్త ఊరికి పునాది వేసిండు. గణపతిదేవుడు (1199-1262) రాతికోట లేపిండు, కొలువు అక్కడికి వచ్చింది. రుద్రమదేవి గోడల ఎత్తు పెంచింది, ప్రతాపరుద్రుడు మళ్ళా బలపరిచిండు. నాలుగు తరాల పని. బోర్డు మీద "1158 నుంచి 1323 దాకా" అని వెడల్పుగా రాసి, కింద కోట నక్ష గీయండి.

నక్షకు కొలతలు:
లోపలి రాతికోట అడ్డుకొలత దాదాపు 1.2 కిలోమీటర్లు. దాని బయట మట్టికోట అడ్డుకొలత దాదాపు 2.4. అన్నిటికన్నా బయటి మట్టికట్ట 12.5 కిలోమీటర్ల అడ్డుకొలతతో హనుమకొండను కూడా కలుపుకొని పోయేది, ఇప్పుడు అక్కడక్కడ ఆనవాళ్ళే మిగిలినయి.

రాతికోటకు 45 బురుజులు. చుట్టుకొలత లెక్క కడితే మూడుముప్పావు కిలోమీటర్లు వస్తది, అంటే ఒక బురుజు నడుమ నుంచి ఇంకో బురుజు నడుమకు 80-85 మీటర్లు. ఒక బురుజు మీద విలుకాడు పక్క బురుజు కాలి దగ్గర ఉన్నోన్ని కొట్టగలిగే దూరం. పిల్లలతో అడుగులు వేయించి లెక్కపెట్టిస్తే ఆ గోడ వాళ్ళకు జన్మల మర్చిపోని పాఠమైతది.

#7 కొత్తవాడ_నేత
77 బురుజులు, 77 మంది నాయకులు అని విన్నం కదా అన్నా? బురుజుకు ఒక నాయకుడని.

#8 మట్టికోట
అది తర్వాతి కాలంల రాసిన ప్రతాపరుద్ర చరిత్రల మాట. నేల మీద లెక్కపెడితే 45. రాసినాయన అబద్ధమాడిండని అనట్లేదు. రాజ్యాన్ని నాయకులకు పంచి సైన్యాన్ని నిలిపే పద్ధతి నిజమే, ప్రతాపరుద్రుని కాలంల బాగ గట్టిపడ్డది. ఆ పద్ధతిని ఒక అంకెల బిగించి చెప్పిండ్రు. బోర్డు మీద రెండూ రాయండి: "కథల 77, రాతిల 45".

#9 ఉలి_సుత్తె
రాతికోట గోడ ఎట్ల నిలబడ్డదో ఎవ్వరూ రాస్తలేరు. దీనికొక బోర్డు కావాలె. యుద్ధాల కన్నా ఇదే పెద్ద ఘట్టం అని నా అభిప్రాయం.

బయటికి కనపడేది సున్నం లేని నల్లరాతి వరుసలు. పెద్దపెద్ద దిమ్మెలు అంచులు మట్టసంగ చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టినరు. బరువే దాని పట్టు. గోడ పైకి పోతాంటే కొద్దిగ లోపలికి వాలుతది. లోపలి వైపుకు పోయి చూస్తే గోడే ఉండదు, మట్టి వాలు ఉంటది, దాని మీద రాతి మెట్లు. ఇదీ కిటుకు. ఉత్త రాతి గోడనైతే మంజనీకుతో (రాతి గుండ్లు విసిరే యంత్రం) విసిరే గుండు పగలగొడతది. వెనక మట్టి దన్ను ఉంటే దెబ్బ మట్టిలకు దిగి చచ్చిపోతది. పైగా మెట్లు చుట్టూరా ఉండుడుతోటి ఎటు మోగితే అటు సిపాయిలు ఉరికి ఎక్కొచ్చు, ఒక్క నిచ్చెన దగ్గర తొక్కులాట ఉండదు.

మట్టి ఎక్కడిది? ముందర అగడ్త తవ్విందే వెనక వాలు అయింది. ఒక్క తవ్వకంల రెండు పనులు.

దర్వాజలు నాలుగు దిక్కులకు. ఏ దర్వాజకూ సీదా తొవ్వ లేదు. లోపలికి పోంగనే గోడ అడ్డమొస్తది, తిరగాలె, మళ్ళా తిరగాలె. తలుపును కుమ్మాలంటే ఏనుగుకు ఉరుకొచ్చే జాగ కావాలె, ఆ మలుపుల ఉరుకు దొరకది. నడుమ ఇరుక్కున్నోళ్ళ మీదికి మూడు దిక్కుల నుంచి రాళ్ళు పడతయి. ఇప్పుడు అదే మలుపుల కాడ బస్సు, ట్రాక్టరు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలె. ఎనిమిది వందల ఏండ్ల తర్వాత కూడా పని చేస్తనే ఉన్నదన్నట్టు.

#10 పాఖాల్_గట్టు
ఉలి_సుత్తె అన్నా, గోడ ఎక్కడ పాడైతదో కూడా రాయి. పిల్లలు చూసేది సగం పాడైన గోడనే.

#11 ఉలి_సుత్తె
మూడు కారణాలు, అన్నిటికీ మూలం నీళ్ళే.

ఒకటి: రావి, మర్రి మొక్క సందుల మొలుస్తది. చిన్నప్పుడే పీకేస్తే పాయె. పెరిగినంక పైకి కొట్టేస్తే వేరు లోపలనే ఉండి మళ్ళా చిగురుస్తది, లావెక్కి రాయిని నెడుతది. పెద్ద చెట్టును అమాంతం గుంజితే రాళ్ళే ఊడి వస్తయి.

రెండు: వెనక మట్టి వాలు మీద వాన నీళ్ళు నిలిస్తే మట్టి ఉబ్బుతది. ఉబ్బిన మట్టి రాతి వరుసను బయటికి తోస్తది. మేస్త్రీలు దీన్నే గోడకు కడుపొచ్చింది అంటరు. కడుపొచ్చిన గోడ ఒక్కరోజుల పడది, రెండు మూడు వానకాలాలు చూసి పడతది.

మూడు: మంచి చేద్దామని సందులల్ల సిమెంటు పెట్టుడు. సున్నం లేకుండ కట్టుడే నీళ్ళు సందులల్లకెంచి బయటికి కారిపోయేందుకు. సిమెంటు బిగిస్తే నీళ్ళకు తొవ్వ ఉండది, కడుపు ఇంకా జల్ది వస్తది.

మట్టికోట సంగతి వేరు. దాన్ని వాన కన్నా మనమే ఎక్కువ తిన్నం. రోడ్డుకు కోసినం, ఇండ్లు కట్టినం, మట్టి తోలుకపోయినం.

#12 పారసీ_పుటలు
ఇగ 1310. మాలిక్ కాఫుర్ తీసుకున్నది మట్టికోట. రాతికోట కాదు.

ఆ ముట్టడిని వర్ణించింది ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో. ఢిల్లీ వైపు మనిషి కాబట్టి పొగడ్తలు తీసేసి చదవాలె, కానీ కొలతలు పనికొస్తయి. ఆయన రాత ప్రకారం సైన్యం జనవరిల వచ్చి ముందుగాల హనుమకొండ గుట్టను పట్టుకున్నది, అక్కడి నుంచి ఊరి తోటలు కనిపించినయట. తర్వాత కోట చుట్టూ డేరాలు. ఒక్కో పెద్ద దళానికి 1,200 గజాల జాగ పంచిండ్రు, చుట్టు మొత్తం 12,546 గజాలు.

గజం కొలత అప్పుడిప్పుడు ఒకటే కాదు, అయినా సుమారుగ పదకొండున్నర కిలోమీటర్లు అనుకుందాం. మట్టికట్ట గారు ఇచ్చిన లెక్కల 2.4 కిలోమీటర్ల మట్టికోట చుట్టుకొలత ఏడున్నర. దాని బయట బాణం అందనంత దూరంల డేరాలు వేస్తే పదకొండు చిల్లర రావుడు సబబే. 12.5 కిలోమీటర్ల బయటి కట్టను చుట్టాలంటే నలభై కిలోమీటర్లు కావాలె. కాబట్టి ఆయన చెప్పే మట్టిగోడ నడిమిదే.

ఆ మట్టిగోడ గురించి ఆయనే ఒప్పుకున్నడు: ఉక్కు బల్లెం కూడా దిగదు, మంజనీకు గుండు తగిలితే పిల్లలాడే కాయ లెక్క ఎగిరి పడతదని. రాత్రిపూట లోపలి నుంచి వెయ్యి మంది రౌతులు డేరాల మీద పడ్డరు. ఢిల్లీ సైన్యం అప్పటికే చెట్లు నరికి తమ చుట్టూ కట్టె కంచె వేసుకున్నది. అగడ్త పూడ్చి, గోడ ఎక్కి మట్టికోట పట్టుకున్నరు. ఎదురుంగ రాతికోట, దాని ముందు నీళ్ళతో నిండిన ఇంకో అగడ్త. అప్పుడు ప్రతాపరుద్రుడు సంధికి వచ్చిండు. తన బంగారు బొమ్మ చేయించి, మెడకు గొలుసు వేసి పంపిండు. తాను మటుకు బయటికి రాలేదు. ఏనుగులు, గుర్రాలు, నగలు తీసుకొని మార్చిల సైన్యం తిరుగు తొవ్వ పట్టింది.

బోర్డు ఎక్కడ పెట్టాలె అంటే, మట్టికోట దాటి రాతికోట అగడ్త ఒడ్డున. నిలబడి వెనక్కి చూస్తే పట్టుకున్న గోడ, ముందుకు చూస్తే పట్టుకోలేని గోడ.

#13 మట్టికోట
మట్టి*కట్ట* కాదు సార్, మట్టి*కోట* 🙂 లెక్క మాత్రం మస్తుగున్నది.

#14 పారసీ_పుటలు
క్షమించుండ్రి. 12.5 కిలోమీటర్ల కట్ట తలకెక్కింది.

(ఇ) కోహినూర్: వద్దు. ఖుస్రో రాతల్ల మేలైన రత్నాల వర్ణన ఉంది, కానీ కోహినూర్ అన్న పేరు ఆ కాలంల ఎక్కడా లేదు. ఆ పేరు నాలుగు వందల ఏండ్ల తర్వాతిది. ఓరుగల్లుకు ముడిపెట్టేది కథ. మీ షరతు కూడా గుర్తు చేసుకోండి, పిల్లగాడు ఆటో ఎక్కి ఎక్కడికి పోయి చూస్తడు?

#15 ఏకశిల_బడి
సరే, కోహినూర్ కొట్టేసిన. రుద్రమదేవి బోర్డు సంగతి చెప్పండి. 1289 అని పెట్టిన, మా పాత పుస్తకంల 1295 ఉంది.

#16 రాతిరాత
1295 పాత లెక్క. చందుపట్ల శాసనం దొరికినంక అది మారింది. నల్లగొండ జిల్లా, నకిరేకల్ దగ్గరి ఊరు. శక 1211, విరోధి, మార్గశిరం. మార్గశిరం గనుక 78 చాలు, 1289. విరోధి 2009-10, అందుల 720 తీసేస్తే 1289-90, సరిపోయింది. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకునికి శివలోక ప్రాప్తి కోసం సోమనాథదేవరకు భూమి దానం చేసిండు.

ఒక జాగ్రత్త. శాసనంల ఆమె ఎట్ల చనిపోయిందో లేదు. ఎవరు చంపినరో లేదు. ఇద్దరి పేర్లు ఒక్క దానంల కలిసి ఉండుడుతోటి యుద్ధంల కలిసి మరణించి ఉంటరని, తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుని మీద దండయాత్రల అయి ఉంటదని చరిత్రకారులు ఊహించినరు. గట్టి ఊహే. కానీ బోర్డు మీద "అంబదేవుడు చంపిండు" అని రాస్తే శాసనంల లేనిది రాసినట్టే.

చందుపట్ల కూడా దూరమే కాబట్టి రుద్రమకు కోటలనే చోటు చూడండి. స్వయంభూ గుడి శిథిలాలల్ల సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టుకున్న రౌతు శిల్పం ఉన్న రాళ్ళు దొరికినయి. ఆమె బిరుదు రాయగజకేసరి, రాజులనే ఏనుగులకు సింహం. దేవగిరి సైన్యాన్ని తరిమినంక బీదరు కోట శాసనంల కూడా ఆ బిరుదు కనిపిస్తది. పట్టాభిషేకం సంవత్సరం వేయొద్దు. తండ్రి బతికుండంగనే కలిసి ఏలింది, 1262 నుంచి ఒంటిగ. అంత రాస్తే చాలు.

#17 గోదారి_ఒడ్డు_మంచిర్యాల
1323 బోర్డు రాసేటోళ్ళు 1321ని మింగేస్తరు. అది లేకపోతే 1323 అర్థం కాదు.

ఉలుఘ్ ఖాన్, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినాయన, మొదటిసారి వచ్చి నెలల తరబడి ముట్టడి వేసిండు. కోట లొంగే దశకొచ్చింది. అప్పుడు ఢిల్లీ నుంచి రోజూ వచ్చే టపా ఆగింది. సుల్తాను చచ్చిపోయిండని డేరాలల్ల పుకారు లేచింది, సేనానులు ఎవరి తొవ్వ వాళ్ళు పట్టిండ్రు. ముట్టడి విడిచి దేవగిరికి పోవాల్సొచ్చింది.

ఇక్కడ తప్పు జరిగింది. పారసీక రాతల ఆధారంతో చరిత్రకారులు చెప్పేది ఏందంటే, గండం గడిచిందనుకొని కోటల దాచిన ధాన్యం కొట్లు తెరిచి జాతర లెక్క ఖర్చు చేసిండ్రు. ముట్టడిల గోడ ఎంత గట్టిగున్నా లోపల గాదెలు ఖాళీ అయితే అంతే సంగతి. ఉలుఘ్ ఖాన్ నెలల్లనే కొత్త సైన్యంతోటి తిరిగొచ్చిండు, ముందుగాల బీదరు, బోధన్ పట్టుకొని వెనక తొవ్వ పదిలం చేసుకున్నడు. 1323ల కోట లొంగింది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది, ఆ పేరుతోటి నాణేలు కూడా పడ్డయి.

ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకపోతాంటే తొవ్వలనే పోయిండు. నర్మద ఒడ్డున మరణించిండని ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం చెప్తది. ఏడేండ్ల లోపల రాసిన మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

#18 పారసీ_పుటలు
ఆ "ఏడేండ్లు" సుమారు అని రాయి తమ్మీ. విలస శాసనంల తేదీ లేదు, 1330 దగ్గర అని లెక్కగడతరు.

#19 గోదారి_ఒడ్డు_మంచిర్యాల
నిజమే సార్. దాదాపు అని చదువుకోండి.

#20 కొత్తవాడ_నేత
కీర్తితోరణాలకు బోర్డు లేదేంది? తెలంగాణ రాజముద్ర మీద ఉన్నది అదే కదా.

#21 ఉలి_సుత్తె
1323 బోర్డు తోరణాల కాడనే పెట్టాలె. నాలుగు తోరణాలు, నడుమ మైదానం. ఆ మైదానంల స్వయంభూ శివుని గుడి ఉండేది. గుడి ముక్కలైంది, నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు నిలిచినయి. ఎందుకు?

ఊళ్ళె అందరూ చెప్పేది: తోరణం మీద దేవుళ్ళ బొమ్మల్లేవు, హంసలు, మకరాలు, తామర మొగ్గలు, గొలుసులు తప్ప, అందుకే ముట్టలేదని. ఇంకో వాదన ఉన్నది. గుడి జాగల కొత్తగ మసీదు కట్టుకున్నరని, దానికి నాలుగు దిక్కుల చౌకట్ల లెక్క తోరణాలను కావాలనే ఉంచుకున్నరని కొందరు చరిత్రకారులంటరు. నాకైతే రెండోదే సబబనిపిస్తది. బొమ్మలు ఎక్కడున్నా చెక్కేయొచ్చు కదా, అంతమాత్రాన మొత్తం వదిలేయాల్సిన పని లేదు.

కట్టుబడి చూడండి: జంట స్తంభాలు, వాటి మీద ఏటవాలు బ్రాకెట్లు, వాటి మీద అడ్డదూలం. కమాను లేదు. బ్రాకెట్టు పని ఏందంటే, దూలం పొడుగును నడిమిల తగ్గించుడు. రాయి పైనుంచి నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటది, నడుమ వంగితే పటుక్కున పగులుతది. ఎంత దూలం గాలిల ఉంటే అంత ప్రమాదం, బ్రాకెట్లు ఆ పొడుగును మింగినయి.

అక్కడి నుంచి పడమటికి కొద్దిదూరం నడిస్తే ఖుష్‌మహల్. దాంట్ల కమానులున్నయి, సున్నం ఉన్నది, గోడలు కిందికి లావుగ పైకి సన్నంగ వాలి ఉంటయి, ఢిల్లీ తుగ్లక్ కట్టడాల తీరు. తోరణం కాడ దూలం, ఖుష్‌మహల్ కాడ కమాను. ఐదు నిమిషాల నడకల రాజధాని చేతులు మారింది. బోర్డు లేకున్నా రాయే చెప్తది.

#22 మట్టికోట
ఖుష్‌మహల్ కట్టించింది షితాబ్ ఖాన్ అని ఊరంతా అంటది కదా?

#23 ఉలి_సుత్తె
అంటది. తీరు చూస్తే అంతకు ముందటి తుగ్లక్ కాలానిది. షితాబ్ ఖాన్ వాడుకొని ఉండొచ్చు. ఆయనకు వేరే గట్టి ఆధారం ఉన్నది, 1504 శాసనం. పేరు ఖాన్ అయినా మనిషి సీతాపతి. ఓరుగల్లును పట్టుకొని, తీసేసిన విగ్రహాలను మళ్ళా నిలిపినట్టు కోటల దొరికిన శాసనంల ఉన్నది. తర్వాత గోల్కొండ సుల్తాన్ కులీ కుతుబ్ షా వచ్చి ఆయన చేతుల నుంచి ఊరు గుంజుకున్నడు. అక్కడితోటి రాజధాని కథ ఒడిసింది, మిగిలింది సుబా ఊరు.

#24 పారసీ_పుటలు
కాపయ నాయకుని బోర్డుకు ఒక ముక్క. 1336ల ఆయన ఓరుగల్లును విడిపించినప్పుడు పారిపోయిన ఢిల్లీ అధికారి మాలిక్ మక్బూల్ కూడా తెలుగాయనే. కాకతీయ కొలువుల పనిచేసి, పతనం తర్వాత ఢిల్లీల మతం మారిండు. ఆయనే ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరు అయిండు, ఖాన్-ఎ-జహాన్ తెలంగానీ. ఢిల్లీ నిజాముద్దీన్‌ల ఆయన సమాధి ఎనిమిది మూలలది, ఆ ఊళ్ళె ఆ తీరు సమాధులల్ల మొట్టమొదటిది.

కాపయ గురించి గెలుపు ఒక్కటే రాసి ఆపొద్దు. బహమనీలతోటి పోట్లాడి గోల్కొండ కోట ఇచ్చేసుకున్నడు, నీలిరాళ్ళు పొదిగిన సింహాసనం కూడా ఇయ్యాల్సొచ్చింది. అది గుల్బర్గాల తఖ్త్-ఎ-ఫిరోజా అయింది. ఆఖరికి ఆయన మరణించింది తెలుగు నాయకుల చేతిలనే, రేచర్ల వాళ్ళతోటి యుద్ధంల.

#25 కొత్తవాడ_నేత
అన్నీ యుద్ధాలేనా? ఒక బోర్డు అన్నానికి పెట్టుండ్రి.

క్రీడాభిరామంల ఓరుగల్లు వీధులు తిరిగే ఇద్దరు పూటకూళ్ళ ఇంట్ల తింటరు. లక్ష్మణవజ్ఝల ఇల్లు, ఒక్క రూక. విస్తట్ల ఏమేం పడ్డయంటే: కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు.

#26 రాతిరాత
మంచి ఆలోచన అక్కా, పెట్టాలె. రెండు జాగ్రత్తలు. ఆ కావ్యం కాకతీయుల తర్వాతిది, కర్త వినుకొండ వల్లభరాయుడా శ్రీనాథుడా అన్న తగువు ఇంకా తెగలేదు. కాబట్టి "రుద్రమదేవి తిన్న భోజనం" అని రాయకండి, "ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు" అనండి.

రెండోది బొమ్మ గీసేటాయనకు. విస్తట్ల మిరపకాయ, టమాట, ఆలుగడ్డ గీయొద్దు. మూడూ పోర్చుగీసోళ్ళు వచ్చినంక మన దేశానికి వచ్చినయి. ఏనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్ళె మిరపకాయ లేని విస్తరి అంటే గీసేటాయన నమ్మడు, పక్కన నిలబడి గీయించుండ్రి. కారానికి మిరియాలు వేయమనండి.

#27 ఏకశిల_బడి
బాగుంది. ఇప్పుడు నా లెక్క: 1163, గణపతిదేవుడు (మోటుపల్లి రెండు వరుసలతోటి), గోడ కట్టుబడి, రుద్రమదేవి, 1310, 1321-23 (తోరణాల కాడ), ఖుష్‌మహల్, కాపయ, పూటకూళ్ళ ఇల్లు, 1504. పది నిండినయి.

ఆఖరి ప్రశ్న. 1163 శాసనం ఫొటో బోర్డు మీద వేద్దామంటే అక్షరాలు పడ్తలేవు, రాయి మొత్తం ఒక్క రంగు వస్తున్నది. సుద్దముక్క రుద్దితే కనిపిస్తయని ఒకాయన అన్నడు.

#28 రాతిరాత
సుద్ద రుద్దొద్దు! పిండి, నూనె, పసుపు ఏదీ వద్దు. సుద్ద పొడి రాతి గుల్లలల్లకు దిగితే మళ్ళా పోదు, నూనెకు దుమ్ము అంటి పెచ్చు కడతది, రుద్దే చేతికి అక్షరం అంచు రాలుతది. పైగా అది కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం, కేసయితది.

శాసనాలు చదివేటోళ్ళు అచ్చు తీస్తరు. రాయిని నీళ్ళతోటి కడిగి, తడిపిన మందపాటి కాయితం పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతోటి కొట్టి అక్షరాల గుంటలల్లకు దింపి, కొంచెం ఆరినంక మసి అద్దిన గుడ్డ ముద్దతోటి పైపైన తట్టుతరు. గుంట తెల్లగ, మట్టం నల్లగ వస్తది. కాయితం మరీ తడిగుంటే సిరా పాకుతది, మరీ ఆరితే లేచిపోతది. దానికి శాఖ అనుమతి కావాలె, మీరు ఆ జోలికి పోకండి.

మీకు ఫొటో చాలు. ఫ్లాష్ బంద్ చేయండి, ఎదురు వెలుగే అక్షరాన్ని చంపేది. ఫోన్‌ను రాయికి ఎదురుంగ సీదా పెట్టుండ్రి. ఇంకొకరు టార్చిని రాయి పక్కకు, దాదాపు రాయిని ఆనుకునేంత వాలుగ పట్టుకోవాలె. అక్షరం గుంటల నీడ పడ్తది. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయుండ్రి. నిలువు గీతలు పక్క వెలుగుల, అడ్డగీతలు పై వెలుగుల తేల్తయి, ఒక్క ఫొటోల రెండూ రావు. టార్చి లేకపోతే పొద్దు వాలుగ ఉన్నప్పుడు పోండి, మిట్టమధ్యాహ్నం దండగ.

ఫొటో కింద "లిపి తెలుగు-కన్నడ, భాష సంస్కృతం" అని రాయుడు మర్వకండి. తెలుగు లిపి కదా అని పిల్లలు తెలుగు పదాలు వెతుకుతరు.

#29 పాఖాల్_గట్టు
తొవ్వ సంగతి. కాలం వరుసల చూపించాలంటే పొద్దుగాల హనుమకొండల వేయిస్తంభాల గుడితోటి మొదలుపెట్టండి, తర్వాత కోట. నడుమ ఆరేడు కిలోమీటర్లు. పడమటి దిక్కు నుంచి కోటలకు పోతే ముందు మట్టికోట, తర్వాత అగడ్త, తర్వాత రాతి దర్వాజ మలుపులు, 1310 బోర్డు దానంతటదే నడుస్తది. బస్సు దిగి మట్టికోట కాన్నుంచి నడిపించండి. బస్సుల కూర్చుండబెట్టి సీదా తోరణాల కాడ దింపితే రెండు గోడలు కిటికీల నుంచే దాటిపోతయి.

#30 ఏకశిల_బడి
నడిపిస్త. శనివారం పోతున్నం, వడ్డవారం కదా 🙂 టార్చీలు రెండు చెప్పిన.